పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ – ఇన్నేళ్లు ఆడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, నేను ఈ గేమ్‌కి క్యాంపెయిన్ టైమ్‌లో డబ్బులు వేసినవాణ్ణి కాదు. అబ్సిడియన్ స్టూడియో వాళ్లు 2012 సెప్టెంబర్‌లో దీన్ని ప్రాజెక్ట్ ఎటర్నిటీ అనే పేరుతో, గేమ్ తయారీకి జనం దగ్గర ముందే డబ్బులు పోగేసే కిక్‌స్టార్టర్ సైట్‌లో పెట్టినప్పుడు మా ఫ్రెండ్ ఒకడు మొదటి రోజే ఎగబడి వేశాడు, నేను మాత్రం "ఆగరా, గేమ్ వచ్చాక చూద్దాం" అని కూర్చున్నా. వాళ్లు అడిగింది 11 లక్షల డాలర్లు, వచ్చింది దగ్గర దగ్గర 40 లక్షలు, వేసినవాళ్లు 74 వేల మందికి కాస్త తక్కువ. 2014 ఏప్రిల్‌కి ఇస్తామన్నది 2015 మార్చి 26న వచ్చింది. నేను ఇంకో ఏడాది ఆగి కొన్నా. అప్పట్నించి మూడుసార్లు పూర్తి చేశా, నాలుగోది నడుస్తోంది, కాబట్టి ఇది మొదటి వారం ఊపులో రాసిన రివ్యూ కాదు.

ఈ గేమ్ పేరెత్తితే చాలు ఆ పాత గొడవ లేస్తుంది. "పాత గేములు చేసిన సీనియర్లు తమ పేర్లు చూపించి మన నోస్టాల్జియాని క్యాష్ చేసుకున్నారు" అని సగం మంది, "వాళ్లే లేకపోతే ఈ రకం ఆర్‌పీజీలు, అంటే రోల్ ప్లేయింగ్ గేములు, ఎప్పుడో పోయేవి" అని సగం మంది. నేను మొదట్లో మొదటి బ్యాచ్. బాల్డర్స్ గేట్, ప్లేన్‌స్కేప్ టార్మెంట్ లాంటి పాత ఆర్‌పీజీలు ఆడిన కళ్లతో దీన్ని మొదలెట్టి ఇరవై గంటలకి పక్కన పడేశా. గిల్డెడ్ వేల్‌లో ఊరి మధ్య చెట్టుకి శవాలు వేలాడుతుంటాయి, పుట్టే పిల్లలకి ఆత్మ ఉండదు, అది చూసి ఒళ్లు జలదరించింది నిజమే, కానీ అదే ఊళ్లో బంగారు రంగు పేరుపట్టీలతో జనం నిలబడి ఉంటారు. వాళ్ల ఆత్మలోకి తొంగి చూస్తే కథకి ఏమాత్రం సంబంధం లేని ఒక పేజీ ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది. ఆరేడు చదివాక మా వాడికి ఫోన్ చేశా, "ఒరేయ్ వీళ్లెవర్రా, క్వెస్ట్ ఏమీ ఇవ్వట్లేదు" అని. "వాళ్లు డబ్బులిచ్చిన బ్యాకర్లురా బాబూ, చదవకు, దాటెయ్" అన్నాడు. కొత్తగా ఆడేవాళ్లకి నా మొదటి సలహా కూడా అదే, బంగారు పేర్లని దాటెయ్యండి.

రెండోసారి మొదలెట్టినప్పుడే గేమ్ నాకు పట్టుబడింది, అదీ నేను వెతుక్కున్న చోట కాదు. దీని డైరెక్టర్ జాష్ సాయర్, ప్లేన్‌స్కేప్ టార్మెంట్ చేసిన పాత స్టూడియో బ్లాక్ ఐల్‌లో వెబ్ డిజైనర్‌గా చేరి తర్వాత వాళ్ల ఇంకో ఆర్‌పీజీ ఐస్‌విండ్ డేల్ డిజైన్‌లోకి వచ్చినవాడు. పాత ఇంట్లో ఉన్నవాడికే తెలుస్తుంది వాన పడితే పైకప్పు ఎక్కడ కారుతుందో, ఈ గేమ్‌లో ఆయన చేసిందల్లా ఆ కారే చోట్లన్నీ మూయడం. ఉదాహరణకి మైట్ అనే స్టాట్, అంటే పాత్ర బలాన్ని చెప్పే అంకె, ఉంది, అది పెంచితే కత్తి దెబ్బే కాదు, మంత్రం దెబ్బ, తుపాకీ దెబ్బ, ఆఖరికి హీలింగ్ కూడా పెరుగుతుంది. ఇంటెలెక్ట్ పెంచితే ఎవరి శక్తులైనా ఎక్కువ దూరం పాకుతాయి, ఎక్కువసేపు నిలుస్తాయి. అంటే యోధుడు, మాంత్రికుడు ఇలా ఏ క్లాస్‌కైనా చెత్తబుట్టలో వేసే స్టాట్ అంటూ ఉండకూడదని ప్లాన్. దీనిమీద ఫ్యాన్స్ ఎంత కొట్టుకున్నారో, "మాంత్రికుడికి కండలేంటి" అని. నిజం చెప్పాలంటే నాకూ మొదట ఎబ్బెట్టుగానే ఉండేది, ఇప్పటికీ డైలాగుల్లో బక్క మాంత్రికుడు మైట్ ఆప్షన్ నొక్కి రౌడీని బెదిరిస్తుంటే నవ్వొస్తుంది, కానీ ఐస్‌విండ్ డేల్‌లో ఆరుగురి పార్టీని కట్టుకుని సగం గేమ్ అయ్యాక ఒకడు దేనికీ పనికిరాడని తెలిసి మళ్లీ మొదట్నించీ మొదలెట్టిన రాత్రులు నాకు గుర్తున్నాయి కదా, దానితో పోలిస్తే ఇది వెయ్యి రెట్లు నయం.

ఇంకోటి, చంపినందుకు ఎక్స్‌పీ, అంటే పాత్ర ఎదగడానికి కావాల్సిన అనుభవం పాయింట్లు, లేకపోవడం. బెస్టియరీలో, అంటే జీవుల వివరాల పుస్తకంలో, ఆ జీవి పేజీ నిండేదాకా కాస్త వస్తుంది, ఆ తర్వాత సున్నా. ఇది విని మా వాడు అప్పట్లో దాదాపు ఏడ్చాడు, "మరి కొట్లాడటం ఎందుకురా" అని. అదే కదా పాయింట్! పాత గేముల్లో మనం మాటలతో పని అయిపోయినా సరే వెనక్కెళ్లి ఊరందర్నీ నరికేవాళ్లం ఎక్స్‌పీ పోతుందేమోనని, అది రోల్ ప్లేయింగ్ ఏంటి అసలు. ఇందులో గిల్డెడ్ వేల్‌ని ఏలే రేడ్రిక్ ప్రభువు కోటకి మూడుసార్లు మూడు రకాలుగా వెళ్లా, ఒకసారి ముందు గేటు నించి కొట్టుకుంటూ, ఒకసారి మురికి కాలవ దారిలో దూరి చాలామందిని తప్పించుకుంటూ, ఒకసారి చివరికి ఆయన వైపే తిరిగిపోయి. ఏ దారిలోనూ నష్టపోయినట్టు అనిపించలేదు.

ప్రాణానికి ఎండ్యూరెన్స్, హెల్త్ అని రెండు లెక్కలు పెట్టడం మాత్రం అలవాటవడానికి టైమ్ పట్టింది. ఎండ్యూరెన్స్ ఫైట్ అయ్యాక నిండిపోతుంది, హెల్త్ పడుకుంటేనే నిండుతుంది, హార్డ్‌లో చేతిలో ఉండే క్యాంపింగ్ సామాను రెండంటే రెండే. ఎంగేజ్‌మెంట్ కూడా అంతే, శత్రువు పట్టుకున్నాక కదిలితే ఫ్రీగా ఒక దెబ్బ తినాలి. అర్థం కానంతవరకూ తిట్టుకుంటాం, అర్థమయ్యాక మన పార్టీలో యోధుడు ఎడేర్‌ని గుమ్మంలో నిలబెట్టి వెనకాల మిగతా ఐదుగురితో పని కానిచ్చేయొచ్చు.

ఇక జనం డబ్బు వల్ల వచ్చిన చిక్కు. స్ట్రెచ్ గోల్స్, అంటే అడిగినదానికన్నా ఎక్కువ వస్తే అదనంగా ఇస్తామన్న మాటలు, అని బ్యాకర్లు పెరిగేకొద్దీ ఓడ్ నువా అనే నేలమాళిగ కింద అంతస్తులు పెంచుతూ పోయారు, చివరికి పదిహేను. డబ్బులు ఇంకా వచ్చాయని మనం ఏలుకోడానికి కోట ఒకటి, రెండో పెద్ద ఊరు ఒకటి. పదిహేను అంతస్తుల్లో మొదటి నాలుగూ చివరి రెండూ భలే ఉంటాయి, మధ్యలో నడక ఎక్కువ. కోట సంగతైతే చెప్పక్కర్లేదు, గోడలు కట్టు, పన్నులు వసూలు చెయ్, దొంగలు వచ్చారు రా అని మెసేజ్‌లు, కథకి మాత్రం ఉన్నా లేకపోయినా ఒకటే. 3.0 ప్యాచ్‌లో కొంత బాగు చేశారు. ఆ రెండో ఊరు ట్విన్ ఎల్మ్స్ వచ్చేసరికి మన దృష్టంతా కథలో విలన్ థేయాస్ వెనకాల ఉంటుంది, అప్పుడు కొత్త ఊళ్లో కొత్త తగువులు తీర్చమంటే ఎవరికి ఓపిక? ఈ తప్పుల్లో సీనియర్ల వాటా ఎంతో, ముందే మాటిచ్చి తర్వాత వెనక్కి తీసుకోలేకపోవడం వాటా ఎంతో, ఆడేవాళ్లకే తెలుస్తుంది.

మాటిచ్చి వెనక్కి తీసుకుంటే ఏమవుతుందో కూడా చూశాం లెండి. టార్మెంట్ టైడ్స్ ఆఫ్ న్యూమెనెరా అనే ఇంకో ఆర్‌పీజీ కిక్‌స్టార్టర్‌లో 2013 మార్చిలో గంటల్లోనే పది లక్షల డాలర్లు దాటింది, మొత్తం 41 లక్షల పైచిలుకు, చేతికొచ్చింది 2017 ఫిబ్రవరిలో, అదీ చెప్పిన కొన్ని పాత్రలు లేకుండా. రచన పరంగా నాకు నచ్చిన గేమే, కానీ ఆ తీసేసిన లిస్టు చూసి జనం రగిలిపోయారు. రిచర్డ్ గారియట్ అంటే పాత ఆర్‌పీజీ సిరీస్ అల్టిమా సృష్టికర్త, అంతకన్నా పెద్ద పేరు ఇంకెవరిది, జనం డబ్బుతో ఆయన చేసిన ష్రౌడ్ ఆఫ్ ది అవతార్ మాత్రం పాత అల్టిమా ఫ్యాన్స్‌లో చాలామందికే ఎక్కలేదు. పాత తరం గేమ్ డిజైనర్లు బ్రెండా రొమెరో, టామ్ హాల్ కలిసి 2012లో పెట్టిన ఓల్డ్ స్కూల్ ఆర్‌పీజీ క్యాంపెయిన్ అయితే మధ్యలోనే ఆపేశారు, పేర్లు తప్ప చూపించడానికి పెద్దగా ఏమీ లేక.

నేనూ తర్వాత ఒక ప్రాజెక్టుకి డబ్బు వేసి కాల్చుకున్నా, దాని పేరు వద్దు, అప్‌డేట్లు మెల్లగా తగ్గి తగ్గి ఆగిపోయాయి, అక్కడా పేజీ పైన పెద్ద పేరే ఉండేది. అప్పట్నించి పేరుకన్నా ముందు ఆ మనిషి పాత గేమ్‌లో ఏది తప్పు జరిగిందంటున్నాడో చూస్తా. అంతా బాగుండేది, మళ్లీ అదే ఇస్తా అన్నవాడికి పైసా వెయ్యను.

ఈ మాట అంటే మా వాడు వెంటనే లారియన్ స్టూడియోని తెస్తాడు, "చూడు, సీనియర్లు కాదు కాబట్టే కొత్తగా చేశారు" అని. వాళ్లేమన్నా నిన్న పుట్టారా, 1996 నించి ఉన్నారు, మనం పూజించలేదంతే. 2013లో డివినిటీ ఒరిజినల్ సిన్ గేమ్‌కి కిక్‌స్టార్టర్‌లో నాలుగు లక్షల డాలర్లు అడిగితే తొమ్మిది లక్షల నలభై వేలు దాటి వచ్చాయి, పదేళ్లకి బాల్డర్స్ గేట్ 3 ఇచ్చారు. వాళ్లూ తమ పాత గేముల తప్పులు చూసుకునే ఎదిగారు కదా అంటే మాట మార్చేస్తాడు.

కొనాలా అంటే, చదవడం ఇష్టముంటే కొనండి, వైట్ మార్చ్ అనే అదనపు కథ రెండు భాగాలూ కలిపి. ఫైట్లు అందులోనే బాగుంటాయి, మొదటి భాగంతో పాటే వచ్చిన 2.0 ప్యాచ్‌లో మనవాళ్లు తమంతట తామే కొట్లాడేలా పార్టీ ఏఐ పెట్టారు కాబట్టి ప్రతి సెకనుకీ పాజ్ కొట్టే బాధ తగ్గింది. లోడింగ్ స్క్రీన్లు ఎక్కువ, ఎస్‌ఎస్‌డీ ఉంటే మంచిది. పార్టీలో చేరే పూజారి డ్యూరాన్స్‌ని వదలకండి, ముసలోడు నోరు విప్పితే గోడంత టెక్స్ట్ వస్తుంది, విసుగొచ్చినా చదవండి, ఆఖర్లో ఆ మనిషి చేసిన పని తెలిసినప్పుడు గుండె ఆగుతుంది. దీని రెండో భాగం డెడ్‌ఫైర్ ఇంకా నున్నగా ఉంటుంది, మొదట్లో అమ్ముడుపోలేదన్న బాధ నాకింకా ఉంది, కానీ దీని తర్వాతే ఆడండి.

నాలుగోసారి పాటలతో మంత్రాలు వేసే చాంటర్ క్లాస్‌తో వెళ్తున్నా, హార్డ్‌లో. ఓడ్ నువా ఏడో అంతస్తులో ఇద్దరికి హెల్త్ ఎర్రగా ఉంది, క్యాంపింగ్ సామాను ఒక్కటే మిగిలింది. మా వాడు పైకి వెళ్లిపొమ్మంటున్నాడు, నేను ఎనిమిదో అంతస్తు మెట్ల దగ్గర సేవ్ చేసి ఇది రాస్తున్నా.