బోరు మోటారు ప్యానెల్‌లో ఆర్డుయినోకు కలిపిన స్విచ్‌లు: కొన్నేళ్ల వాడకం తర్వాత

మా ఇంటి బోరు మోటారును నడిపే చిన్న ప్యానెల్‌లో ఆర్డుయినో నానో అనే, కోడ్ రాసి నడిపించే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు కొన్నేళ్లుగా పనిచేస్తోంది. దానికి నాలుగు నొక్కుడు బటన్లు, ఆటో నుంచి మాన్యువల్‌కు మార్చే టోగుల్ స్విచ్, మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే ఫ్లోట్ స్విచ్ (నీటిమట్టంతో పాటు తేలుతూ సర్క్యూట్‌ను కలిపే, విడదీసే స్విచ్) కలిపి ఉన్నాయి. కాకినాడ సముద్రపు గాలి నేరుగా తగిలే వరండా గోడకు ప్యానెల్‌ను బిగించాం. ఇన్నాళ్లలో బోర్డు ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. వచ్చిన తంటా అంతా స్విచ్‌లతోనూ, అవి బోర్డును చేరే తీగలతోనూ వచ్చింది కాబట్టి ఈ సమీక్షను వాటికే పరిమితం చేస్తున్నాను.

మొదట వాడినవి స్టార్టర్ కిట్‌లో వచ్చిన 6 మిల్లీమీటర్ల బటన్లు. ప్రతి బటన్‌లో ఒక కాలును డిజిటల్ పిన్‌కు, మరో కాలును గ్రౌండ్‌కు కలిపి, కోడ్‌లో ఇన్‌పుట్ పులప్ (పిన్‌ను చిప్ లోపలి రెసిస్టర్ ద్వారా 5 వోల్టులకు లాగి ఉంచే అమరిక) అని రాస్తే చాలు, బయట రెసిస్టర్ అక్కరలేదు. నొక్కినప్పుడు పిన్ సున్నా చూపుతుంది, వదిలితే ఒకటి చూపుతుంది. బటన్‌కున్న నాలుగు కాళ్లలో రెండేసి లోపలే కలిసి ఉంటాయి గనుక, ఎదురెదురు మూలల్లోని కాళ్లను వాడితే ఏ జత ఎటుందో వెతుక్కునే పని ఉండదు. నానోలో ఏ6, ఏ7 పిన్‌లు మాత్రం ఇందుకు పనికిరావు, అవి కేవలం అనలాగ్ పిన్‌లు, అంటే వోల్టేజీని కొలవడానికే పనికొచ్చేవి.

బల్ల మీద ఈ అమరిక చక్కగా పనిచేస్తుంది. గోడ మీదికి వెళ్లి రెండు వానాకాలాలు గడిచేసరికి బటన్లు మొరాయించడం మొదలుపెట్టాయి. ఒకసారి నొక్కితే పలకదు, గట్టిగా అదిమితే పలుకుతుంది. అరిగిన బటన్ మరో రకంగా కూడా ఏడిపిస్తుంది: టైమర్‌ను పది నిమిషాలు పెంచుదామని ఒక్కసారి నొక్కితే తెర మీద అంకె 10 నుంచి నేరుగా 40కి దూకుతుంది. లోపలి రేకు తాకేటప్పుడు ఎగిరెగిరి పడటమే దీనికి కారణం. నొక్కు స్థిరపడేదాకా ఆగడానికి కోడ్‌లో పెట్టిన 20 మిల్లీసెకన్ల నిరీక్షణను 50కి పెంచితే ఈ దూకుడు తగ్గింది కానీ, నొక్కినా పలకకపోవడం మాత్రం అలాగే ఉండిపోయింది.

అసలు సంగతి కరెంటులో ఉంది. నానోలోని ఏటీమెగా328పీ చిప్ లోపలి పులప్ రెసిస్టర్ విలువ 20 నుంచి 50 కిలోఓమ్‌ల మధ్య ఉంటుంది. 5 వోల్టుల దగ్గర ఆ లెక్కన బటన్ గుండా పారేది 0.1 నుంచి 0.25 మిల్లీఆంపియర్లే. ఉప్పుగాలికి రేకు మీద పట్టే సన్నని పొరను ఛేదించడానికి ఆ కాస్త కరెంటు చాలదు. తర్వాత నేను వేసిన ఓమ్రాన్ కంపెనీ బీ3ఎఫ్ రకం బటన్‌కు తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో (డేటాషీట్‌లో) కనీసం 1 మిల్లీఆంపియర్ ఉండాలని ఉంది, అది చూశాక ప్రతి పిన్‌కూ 5 వోల్టులకూ మధ్య 2.2 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టాను. దాంతో నొక్కినప్పుడు రెండు మిల్లీఆంపియర్లకు పైగా పారుతుంది. పావలా విలువ చేయని ఆ రెసిస్టర్లు వేసిన తర్వాత, ప్యానెల్‌లో మిగిలి ఉన్న పాత కిట్ బటన్ ఒకటి కూడా సరిగ్గా పలకడం గమనించాను. బీ3ఎఫ్ నొక్కుడు స్పష్టంగా, టక్కుమని ఉంటుంది, చేతికి హాయిగా ఉంది. తడి తగిలే చోటైతే సీలు చేసిన రకమే కొనాలి, ధర ఎక్కువైనా సరే.

ఫ్లోట్ స్విచ్ కథ వేరు. దాని తీగ మేడ మీద నుంచి మోటారు కరెంటు తీగ ఉన్న పైపులోనే దిగేది. స్టార్టర్‌లోని కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) పడినప్పుడల్లా ట్యాంకు నిండిందని బోర్డు భ్రమపడి మోటారును ఆపేసేది. తీగను వేరే పైపులోకి మార్చి, పిన్‌కు ముందు వరుసలో 1 కిలోఓమ్ రెసిస్టర్, పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాక ఆ బెడద పోయింది. నీళ్లు పడేటప్పుడు అలలకు ఫ్లోట్ ఊగుతూ ఉంటుంది గనుక, ఇక్కడ మిల్లీసెకన్ల నిరీక్షణ చాలదు. నా కోడ్‌లో సంకేతం వరుసగా రెండు సెకన్లు నిలిస్తేనే లెక్కలోకి వస్తుంది. ట్యాంకు నిండనంత సేపూ సర్క్యూట్ మూసి ఉండేలా ఫ్లోట్‌ను అమర్చడం అన్నిటికన్నా ముఖ్యం. ఉడతలు తీగను కొరికి తెంచిన రోజున పిన్ ఒకటి చూపింది, అంటే నిండినట్టే లెక్క, మోటారు ఆగిపోయింది. అమరిక తిరగేసి ఉంటే నీళ్లు మేడ మీద నుంచి పొర్లుతూనే ఉండేవి.

టోగుల్ స్విచ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న మామూలు రకం, ఇప్పటికీ గట్టిగా ఉంది.

బటన్లన్నిటినీ విడిగా చిన్న జీరో పీసీబీ (రంధ్రాలున్న ఖాళీ సర్క్యూట్ పలక) మీద సోల్డర్ చేసి, ఐదు తీగల కనెక్టర్‌తో నానోకు కలిపాను. నాలుగు తీగలు పిన్‌లకు, ఐదోది అందరికీ ఉమ్మడి గ్రౌండ్. బటన్ చెడితే ఆ ముక్కను ఊడదీసి బల్ల మీద పెట్టుకుని మార్చుకోవచ్చు, 230 వోల్టులున్న వైపు చేయి పెట్టే అవసరం రాదు.