కార్టూన్ చివర నీతి: ఉంటే మేలా, లేకపోతే మేలా?

1940లో విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా మొదలుపెట్టిన పిల్లీ ఎలుకల తగవుకు ఏడు ఆస్కార్లు వచ్చాయి. టామ్ అండ్ జెర్రీలో భూతద్దం పెట్టి వెదికినా నీతి దొరకదు. పిల్లి పళ్లు రాలతాయి, ఎలుక నవ్వుతుంది, మరుక్షణం పళ్లన్నీ మళ్లీ యథాస్థానంలో ఉంటాయి. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బావగారికి ఇది గిట్టదు. "మన రోజుల్లో టీవీ పెడితే పిల్లల చెవిన నాలుగు మంచిమాటలైనా పడేవి. ఇప్పుడేముంది, తన్నులాట తప్ప?" అంటారు. "మన రోజుల్లోనూ ఇదే పిల్లి కదండీ" అంటే వినిపించుకోరు.

ఆయన దృష్టిలో ఆదర్శం శక్తిమాన్. అది కార్టూన్ కాదు, మనుషులు నటించిన సీరియలే. 1997లో దూరదర్శన్‌లో మొదలై 2005 దాకా నడిచింది. కథ అయిపోయాక శక్తిమాన్‌గా నటించిన ముకేశ్ ఖన్నా విడిగా కనిపించి పిల్లలకు మంచి అలవాట్లు బోధించేవాడు. తప్పు చేసిన పిల్లవాడు "సారీ శక్తిమాన్" అనడంతో ఆ వారం పాఠం ముగిసేది. ఇలా చివర్లో నీతి తగిలించడం మనవాళ్లు కనిపెట్టింది కాదు. 1983 నాటి అమెరికన్ కార్టూన్ హీ-మ్యాన్‌లోనూ కథ చివర ఏదో ఒక పాత్ర వచ్చి ఈరోజు ఏం నేర్చుకున్నామో అప్పజెప్పేది. దాన్ని మాటెల్ కంపెనీ ఆటబొమ్మల ఆధారంగా తీశారు. ఇది కార్టూన్ కాదు, అరగంట వ్యాపార ప్రకటన అని విమర్శకులు మండిపడేవారు. అలాంటి వేళ చివరి నీతివాక్యం నిర్మాతలకు బాగా అక్కరకొచ్చింది. ఆ నీతి పిల్లల కోసమా, పెద్దల నోరు మూయించడం కోసమా అన్నది నా అనుమానం.

మన ఊళ్ల పిల్లల విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఆ మంచిమాటలన్నీ హిందీలో ఉండేవి. విజయవాడ సత్యనారాయణపురంలో మా వీధి పిల్లలకు వచ్చిన హిందీ, పరీక్షలో గట్టెక్కడానికి సరిపడేంతే. కథను పట్టుకోవడానికి భాష రాకపోయినా బొమ్మ చాలు. ఉపన్యాసానికి అలా కాదు, మాట అర్థం కావాలి. అందువల్ల శక్తిమాన్ నుంచి మేం నేర్చుకున్నది ఒక్కటే, చేయి పైకెత్తి గిరగిరా తిరగడం. ఆయన క్రమశిక్షణ గురించి చెబుతున్న సమయానికి మేం వీధిలో తిరుగుతూ ఉండేవాళ్లం. హిందీ వచ్చిన ప్రాంతాల్లో కూడా నీతి కంటే బొమ్మే బలంగా నాటుకున్నట్టుంది. శక్తిమాన్ వచ్చి కాపాడతాడని పిల్లలు ప్రాణాలమీదికి తెచ్చుకున్నారని అప్పట్లో వార్తలు వచ్చాయి. తనను అనుకరించవద్దని ఆ నటుడే తెర మీద చెప్పవలసి వచ్చింది.

అదే హిందీలో వచ్చిన మోగ్లీని దీని పక్కన పెట్టి చూడండి. 1989లో జపాన్‌వాళ్లు 52 భాగాలుగా తీసిన జంగిల్ బుక్, 1990లలో ఆదివారం పొద్దున మన ఇళ్లలోకి వచ్చింది. గుల్జార్ రాసిన పాటను అర్థం తెలియకుండానే గొంతెత్తి పాడేవాళ్లం. చివర్లో ఎవరూ వచ్చి ఏమీ బోధించలేదు. అయినా తోడేళ్లు మనిషి బిడ్డను తమ బిడ్డగా పెంచుకున్నాయనీ, గుంపుకు ఒక కట్టుబాటు ఉంటుందనీ, షేర్‌ఖాన్ అనే పులి దాన్ని లెక్కచేయదనీ మాటలు రాని మాకు కూడా తెలిసింది. భాష ఒకటే, పిల్లలూ ఒకరే. ఒకదాని నీతి గాలికి పోయింది, ఇంకోదానిది లోపలికి దిగింది. బావగారితో వాదనలో నాకున్న గట్టి ఆధారం ఇదే.

పరిశోధనలు కూడా తగిలించిన నీతిని అంతగా నమ్మవద్దనే అంటున్నాయి. క్లిఫర్డ్ అనే కుక్క కార్టూన్‌లో మూడు కాళ్ల కుక్క వచ్చే ఒక కథను అమెరికాలో చిన్నపిల్లలకు చూపించి, ఏం నేర్చుకున్నారని అడిగారు. 2008లో వచ్చిన అధ్యయనం ఇది. మనలా లేనివారిని కలుపుకొని పోవాలన్నది ఆ కథ ఉద్దేశం. చాలామంది పిల్లలు దాన్ని కుక్కలకు సంబంధించిన పాఠంగానే తీసుకున్నారు. 2014లో టొరంటో విశ్వవిద్యాలయపు కాంగ్ లీ బృందం, మూడు నుంచి ఏడేళ్ల పిల్లలకు నిజాయితీ కథలు చదివి వినిపించింది. నాన్నా పులి కథకు పడమటి రూపమైన తోడేలు కథ, ముక్కు సాగే పినోకియో కథ పిల్లల అబద్ధాలను తగ్గించలేకపోయాయి. చెర్రీ చెట్టు నరికినట్టు ఒప్పుకొని మెప్పు పొందిన వాషింగ్టన్ కథ మాత్రం పనిచేసింది. అబద్ధానికి శిక్ష చూపించే కథ కంటే నిజానికి మెప్పు చూపించే కథే పిల్లవాణ్ణి కదిలించిందన్నమాట. టొరంటోలోనే జరిగిన మరో ప్రయోగంలో, జంతువులు పాత్రలుగా ఉన్న కథ కంటే మనుషుల కథ విన్న పిల్లలే తమ స్టిక్కర్లను ఎక్కువగా పంచిపెట్టారు. జంతువుల కథలతో నిండిన 1853 నాటి చిన్నయసూరి నీతిచంద్రికను తలకెత్తుకునే బావగారికి ఈ మాట చెప్పినప్పుడు ముఖం చిట్లించారు. నిజానికి నాకూ కొంచెం కష్టంగానే ఉంది.

నీతి చెప్పని కార్టూన్‌లో నీతి ఉండదనుకోవడం కూడా పొరపాటే. ఛోటా భీమ్‌ను హైదరాబాదుకు చెందిన గ్రీన్ గోల్డ్ సంస్థ తయారుచేసింది. 2008 నుంచి పోగోలో వస్తోంది. భీమ్ మంచివాడు, ధైర్యవంతుడు, లడ్డూ తింటే బలం వస్తుంది, సరే. లావుగా ఉన్న కాలియాయే అసూయపరుడు, నవ్వులపాలయ్యేవాడు కూడా వాడే. ఈ పాఠాన్ని ఎవరూ నోటితో చెప్పరు, కానీ వారాల తరబడి కళ్లముందు ఆడుతూనే ఉంటుంది. తరగతిలో లావుగా ఉన్న కుర్రవాడిని అడిగితే తెలుస్తుంది దాని ఫలితం. డోరేమాన్‌ది దీనికి తిరగబడ్డ కథ. నోబిత బద్ధకాన్ని చూసి పిల్లలు చెడిపోతారని తల్లిదండ్రుల బెంగ. అతడు కష్టపడకుండా ఫలితం కోరుకున్నప్పుడల్లా, డోరేమాన్ అనే రోబో పిల్లి ఇచ్చిన వింత పరికరం చివరికి అతడికే ఎదురుతిరుగుతుంది. బావగారు నిషేధించిన ఈ కార్టూన్, ఆయన మెచ్చుకునేవాటి కంటే నీతిమంతంగా ఉంటుంది.

నీతి తగిలించడం, అసలు లేకపోవడం, కథలోనే కలిసిపోవడం అనే ఈ మూడింటి కంటే నాకు నచ్చిన దారి మన దగ్గరే ఉంది. అది బేతాళ కథ. బేతాళుడు కథ చెప్పి ఊరుకోడు, నీతీ చెప్పడు, ప్రశ్న వేస్తాడు. 1947లో మొదలైన చందమామ ఈ చట్రంలోనే లెక్కలేనన్ని కొత్త కథలు అల్లింది. 1985లో రామానంద్ సాగర్ దాన్నే దూరదర్శన్‌కు తీశారు. చట్రం ముందే తెలుసు కాబట్టి మన పిల్లలు ఆ హిందీని కూడా దాటేశారు.

పాత కథల్లో ఒకటి చాలు. ఒక అమ్మాయిని ముగ్గురు కోరుకుంటారు, ఆమె చనిపోతుంది. ఒకడు ఆమె చితాభస్మం మీదే పడుకుంటాడు. ఇంకొకడు అస్థికలు గంగలో కలపడానికి వెళతాడు. మూడోవాడు దేశాలు తిరిగి మంత్రం నేర్చుకొచ్చి బతికిస్తాడు. ఆమె ఎవరికి భార్య? ఈ కథను మేనల్లుడికీ మేనకోడలికీ చెప్పాను. బతికించినవాడికే అని వాడు, గంగకు నడిచినవాడి కష్టం సంగతేమిటని అది. పక్క గదిలోంచి బావగారు కూడా వచ్చి తీర్పు చెప్పారు. విక్రమార్కుడి జవాబు వేరు: ప్రాణం పోసినవాడు తండ్రి, అస్థికలు కలిపినవాడు కొడుకు, బూడిద వదలనివాడే భర్త. "ఇది అన్యాయం మామయ్యా" అన్నాడు మేనల్లుడు. శక్తిమాన్ చెప్పిన ఏ మంచిమాట మీదా ఇంతసేపు తగవు జరిగిన గుర్తు నాకు లేదు.

పాతకాలం టీవీ మీద బెంగ గురించి రెండు ముక్కలు. మనం తలచుకునేది ఆ కార్యక్రమాల గొప్పతనం అనుకోను. వారానికి ఒక్కసారి దొరికే ఆ అరగంటను, డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని అరిచే అన్నయ్యను, కరెంటు పోతే వీధంతా కలిసి పెట్టిన గగ్గోలును తలచుకుంటున్నాం. ఈ కాలం పిల్లలకు అవి లేవు, నిజమే. బదులుగా 2009లో వచ్చిన ఖుషీ టీవీలాంటివి రోజంతా తెలుగులో మాట్లాడతాయి. మన భాషలో కార్టూన్ వినగలగడం, మేం పోగొట్టుకున్నామనుకునే వాటన్నిటికంటే పెద్ద లాభమని నా లెక్క.

ఇక ఏది మేలంటే, అయిదేళ్లలోపు వారికి నీతివాక్యం దండగ. తమలాంటి పిల్లలే పాత్రలుగా ఉండి, మంచి పనికి మెప్పు దొరికే చిన్న కథలు పెట్టండి. ఆ పైవారికి డోరేమాన్, మోగ్లీ నిశ్చింతగా పెట్టవచ్చు. నవ్వు కావాలంటే పిల్లీ ఎలుకలు ఎలాగూ ఉన్నాయి, వాటిని నీతి అడగకండి. ఛోటా భీమ్ పెడితే మాత్రం కాలియా గురించి ఒక్కసారి మాట్లాడండి. ఎనిమిదేళ్లు దాటినవారికి మొదటి ఓటు బేతాళుడికే. భీమ్‌ను హైదరాబాదులో గీయగలిగినవారికి బేతాళుణ్ణి ఇప్పటి పిల్లలకు నచ్చేలా గీయడం కష్టమేమీ కాదు. చివర్లో ఎవరూ వచ్చి బోధించనక్కరలేదు. ప్రశ్న అడిగి చెట్టెక్కేస్తే చాలు.