కారు ఆగే జాగాలో కాసింత నీడ: విజయనగరానికి ఏది మేలు?

కిందటి దసరా ముందు గంటస్తంభం దగ్గర ఓ బట్టల కొట్టు మెట్ల మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఒళ్లో రెండు చీరల సంచులు, పక్కన చిన్న మనవరాలు. కొట్టు కుర్రాడు వచ్చి, "బేరాలొచ్చే దారమ్మా, కొంచెం లెగండి" అన్నాడు. ఆవిడ లేచి, "కాళ్లు లాగేస్తన్నాయి బాబూ, మరెక్కడ కూకోమంతావు?" అంది. కుర్రాడు ఏమీ అనలేకపోయాడు. ఎదురుగా రోడ్డు వారన కవరు కప్పిన కారు ఒకటి పొద్దున్నుంచీ కదలకుండా ఉంది.

ఆ కారు జాగా అయిదు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు ఉంటుంది. 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రీబార్ అనే డిజైన్ బృందం అలాంటి జాగా ఒకదానికి పార్కింగ్ మీటరులో, అంటే బండి ఆపినందుకు అద్దె తీసుకునే పెట్టెలో, డబ్బులు వేసి, రెండు గంటలపాటు గడ్డి పరిచి, ఒక బెంచీ, ఒక చెట్టు పెట్టింది. అదే ఏటేటా సెప్టెంబరు మూడో శుక్రవారం చాలా దేశాల్లో జరిపే 'పార్కింగ్ డే' అయింది. తరవాత ఆ నగరమే పార్కింగ్ జాగాల్లో 'పార్క్‌లెట్' అనే చిన్న వేదికలకు అనుమతులిచ్చింది. మొదట్లో వాటిని ఎదుటి కొట్టువాళ్లు ఖర్చు పెట్టుకుని చూసుకునేవారు గానీ, కూర్చోవడానికి అక్కడ ఏమీ కొననక్కర్లేకపోయేది.

మరి ఒక్కరోజు పార్కా, సిమెంటు గట్టా, కదిపే వేదికా, మనకేది నప్పుతుంది?

ఒక్కరోజు పార్కు చవక. జనానికి చూపించడానికి మంచిదే. మర్నాటికి కారు మళ్లీ వచ్చేస్తుంది, ఆ పెద్దావిడ మళ్లీ మెట్ల మీదే.

సిమెంటు గట్టు కట్టి, మట్టి పోసి, కానుగో వేపో నాటితే అసలైన నీడ వస్తుంది. నాకూ మొదట అదే నచ్చింది. కానీ సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల దగ్గరి పైడితల్లి అమ్మవారి గుడి నుంచి కోట దాకా, పూజారి కూర్చునే సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. అంత పొడవు మాను, దాని వెనక అంత జనం. ఆ దారిలో గట్టు కడితే అది అమ్మవారి దారికి అడ్డు కట్టినట్టే. పైగా రోడ్డు వారన కాలువ మీద సిమెంటు పోసేస్తే పూడిక తీసే మార్గం ఉండదు, వానాకాలం నీళ్లు కొట్లలోకొస్తాయి.

అందుకే నా ఓటు చెక్కా ఇనుమూ కలిపి చేసిన కదిపే వేదికకి. నాలుగు ముక్కలుగా విడదీసే వీలుండాలి. కింద నీళ్లు పోయే సందు వదలాలి. రెండు బెంచీలు, తొట్లలో నాలుగు మొక్కలు, పైన పచ్చ నెట్టు, రోడ్డు వైపు గట్టి కమ్మీ. పండక్కి ముందు విప్పి పక్కన పెట్టి, తరవాత మళ్లీ బిగించుకోవచ్చు. తొట్లలో మొక్కలు మాత్రం మన ఎండలకి రోజూ నీళ్లు పోయకపోతే బతకవు. ఆ పని ఎవరిదో ముందే తేల్చుకోవాలి.

కొట్టువాళ్లు, "బండి ఆపే చోటు పోతే బేరం పోద్ది" అంటారు. ఆ మాట తీసెయ్యలేం. ఒక కారు జాగాలో అయిదారు మోటారు సైకిళ్లు పడతాయి, మన బజారుకొచ్చేవాళ్లలో ఎక్కువమంది వాటి మీదే వస్తారు. కాబట్టి బైకుల వరస జోలికి వెళ్లకూడదు. రోజంతా ఒకటే కారు నిలిచే చోటే తీసుకోవాలి. తోపుడు బండివాళ్లని లేపి అక్కడ బెంచీ వేస్తే మాత్రం నేనొప్పుకోను. వాళ్లకి 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఉంది, పొట్టకూడూ అదే.

కూర్చోడానికి అయ్యకోనేరు చెరువు గట్టు ఉందిగా, ఇంకెందుకంటారేమో. పొద్దున్న నడిచేవాళ్లకి అది చాలా మంచిది. రెండు సంచులు, ఒక పిల్లతో నెల్లిమర్ల ఆటో కోసం చూసే మనిషి అక్కడిదాకా వెళ్లదు. ఆవిడకి కావలసింది కొట్టు ఎదుటే, ఆటో కనబడే దూరంలో, ఎవరూ లెగమనని ఒక బెంచీ. కార్పొరేషన్‌వాళ్లు ముందు ఆ కవరు కారు జాగాలోనే ఒకటి పెట్టి, ఒక వేసవి, ఒక వానాకాలం చూడాలి.