ఆస్పిరిన్ 75: నెత్తురు ఆగదు, మాత్ర ఆపలేను

గుండెలో స్టెంటు వేయించుకున్నప్పటి నుంచి రాత్రి అన్నం తిన్నాక, నెత్తురు గడ్డ కట్టకుండా చూసే ఈ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్ర వేసుకుంటూనే ఉన్నా. ధర గురించి, డాక్టర్లు ఎందుకు రాస్తారనే దాని గురించి నేను చెప్పేదేం లేదు. తిరుపతిలో పెద్దవాళ్లున్న ఏ ఇంట్లో చూసినా బీపీ మాత్రల పక్కన ఇదొక షీటు ఉంటుంది. దీని మీద నాకున్న కోపం ఒక్కటే. చిన్న గాటు పడినా నెత్తురు ఒక పట్టాన ఆగదు.

మొదటి ఏడాది దీంతోపాటు ఇలాంటి పనే చేసే క్లోపిడోగ్రెల్ అనే ఇంకో మాత్ర కూడా ఉండేది. అప్పట్లో తలుపు గడి తగిలినా మోచేతి మీద నీలం మచ్చ లేచేది. ఏడాది నిండాక డాక్టరే దాన్ని ఆపేసి, ఇక 75 ఒక్కటే చాలన్నారు. మచ్చలు తగ్గినాయి. బెడద మాత్రం పోలేదని కొండ మీద తెలిసింది.

మనవరాలి పుట్టు వెంట్రుకలు తీయించడానికి పోయినాం. పిల్లతోపాటు నాకూ గుండు మొక్కు ఉండింది. నా చెవి వెనక చిన్న పులిపిరి ఒకటుంది. గుండు గీసే ఆయన నెత్తి తడిపి, కొత్త బ్లేడు పెట్టుకుని చకచకా లాగేసినాడు. చెయ్యి మంచిదే, తప్పు పట్టడానికి లేదు. పులిపిరి మొన మాత్రం కాస్త తెగింది. నొప్పి కూడా తెలీలేదు. మెడ మీద వెచ్చగా జారుతుంటే నీళ్లనుకున్నా. పిల్లనెత్తుకుని నిలబడున్న మా ఆవిడ "అయ్యో సామీ, నెత్తురు!" అనింది.

ఆయన పటిక అద్దినాడు, ఆగలా. గుడ్డ మడిచి నొక్కినాడు. తీసి చూస్తే మళ్లీ ఊరింది. వరసలో జనం తొందర పెడుతున్నా నన్ను వదల్లేదు. నా ముఖం వైపు చూసి అడిగినాడు:

"గుండె మాత్ర ఏమన్నా వేసుకుంటారా సార్?"

"నీకెట్లా తెలుసు?"

"ఎన్ని తలలు చూస్తాం సార్ రోజూ! కూర్చోగానే చెప్పాల మీరు. గట్టిగా ఒత్తి పట్టుకోండి. తీసి తీసి చూడొద్దు."

తర్వాత గుండె డాక్టరుకు ఈ సంగతి చెబితే, ఆయన ఇంతకంటే కొత్తగా ఏమీ చెప్పలేదు. పది నిమిషాల పాటు గుడ్డ తీయకుండా ఒత్తి పట్టుకోవడమే మందట. ఆ రోజు కొండ మీద స్నానం చేసి నెత్తికి గంధం పూసుకుంటే ఆ చెవి పక్క గంధం ఎర్రగా తడిసింది. దర్శనం క్యూలో చేతిగుడ్డ అదిమి పట్టుకునే నిలబడినా. చెవి నొప్పా అని వెనకున్న పెద్దాయన తమిళంలో అడిగితే, అంతా వివరించే ఓపిక లేక అవునని తలూపినా. ఇక మీదట మా ఇంట్లో ఎవరి మొక్కుకైనా నేను మూడు కత్తెరలే ఇస్తా, స్వామి అర్థం చేసుకుంటాడు.

"ముందు రాత్రి మాత్ర మానేసుంటే సరిపోయేది కదా బావా" అన్నాడు మా బామ్మర్ది. సరిపోదు. నెత్తురు గడ్డ కట్టించే కణాలను ప్లేట్‌లెట్లంటారు. ఆస్పిరిన్ ఒకసారి తగిలిన ప్లేట్‌లెట్ దాని ఆయుష్షు తీరేదాకా, అంటే 7 నుంచి 10 రోజులు, మిగతావాటితో సరిగా అతుక్కోలేదు. ఒక రాత్రి మానితే పుట్టే కొత్తవి కొన్నే. పైగా స్టెంటున్నవాడు సొంతంగా మాత్ర ఆపితే అక్కడ గడ్డ కట్టే ప్రమాదముంది. పన్ను పీకించుకోవాలన్నా, ఆపరేషనన్నా గుండె డాక్టరును అడక్కుండా ఆపకూడదు.

పైన పూత ఉంటుంది కాబట్టి కడుపుకేం కాదని నేను చాలామందికి చెప్పేవాణ్ణి. కడుపు మంటైతే నాకు ఇప్పటికీ లేదు. కానీ ఆ పూత మాత్ర కడుపులో కరగకుండా ఆపుతుందంతే. మందు రక్తంలో కలిశాక కడుపు లోపలి పొరను కాపాడే పదార్థాలను ఎటూ తగ్గిస్తుంది. అందుకే పూతున్నా పుండు పడొచ్చు, లోపల నెత్తురు కారొచ్చు. విరేచనం తారులా నల్లగా వస్తే ఆస్పత్రికి పరిగెత్తమన్నారు. నాకు కడుపులో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ మాత్ర కూడా రాసినారు. అలిపిరి మెట్లు దిగొచ్చినాక మోకాళ్లు పీకితే మందుల షాపులో ముందుగా చేతికొచ్చేది ఐబుప్రోఫెనో డైక్లోఫెనాకో. వాటితో కలిస్తే కడుపులో నెత్తురు కారే ముప్పు పెరుగుతుంది. ఐబుప్రోఫెనైతే ఆస్పిరిన్ పనికి కూడా అడ్డం పడగలదు. నేను పారాసిటమాల్‌తోనే సరిపెట్టుకుంటా. వానాకాలం జ్వరమొస్తే, డెంగీ కాదని తేలేదాకా ఈ ఆస్పిరిన్ వేసుకోవాలా వద్దా అని డాక్టరునే అడుగుతా.

మా బామ్మర్దికి డెబ్బై దాటినాయి. గుండె జబ్బు లేదు. నన్ను చూసి "ముందు జాగ్రత్త" అని చీటీ లేకుండానే కొని వేసుకుంటున్నాడు. ఆస్ట్రేలియాలో, అమెరికాలో ఇలాంటి ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు 19 వేల మంది మీద చేసిన ఆస్ప్రీ అధ్యయనం 2018లో వచ్చింది. రోజుకు 100 మిల్లీగ్రాములు వేసుకున్నా గుండెపోట్లు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. పెద్ద రక్తస్రావాలు మాత్రం వందకు 2.8 నుంచి 3.8కి పెరిగినాయి. ఆయనకు ఇంతకుముందు కడుపులో పుండు కూడా ఉండింది. డాక్టరుకు చూపించుకోమని పోరుతూనే ఉన్నా.

నా మటుకు ఐదుకు నాలుగు మార్కులు. స్టెంటుంది, కడుపు ఇంతవరకు సహకరిస్తోంది, ఆస్పత్రి ఆటో దూరంలో ఉంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఎన్ని మార్కులు వేసేవాణ్ణో చెప్పలేను.