రవెన్నాలో ముప్పై యూరోల దోపిడీ, అయిదు నిమిషాల నీలం

రోమన్ చక్రవర్తి థియొడోసియస్ వంశపు ఆనవాళ్లు చూడాలన్నది చరిత్ర ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేసిన మా మామగారి చిరకాల కోరిక. ఇటలీలోని బొలోనా నుంచి రవెన్నాకు రైలు ప్రయాణం ఏ చిక్కూ లేకుండా గడిచింది.

చిక్కంతా బసలోనే ఎదురైంది. స్టేషను దగ్గర రాత్రికి 92 యూరోల చొప్పున అద్దెకు తీసుకున్న ఫ్లాటు తలుపు తీయకముందే, ఎనిమిది దాటాక వచ్చారంటూ యజమానురాలు 30 యూరోలు నగదుగా ఇమ్మన్నది. బుకింగు కాగితంలో ఆ మాటే లేదని చూపించినా వినలేదు, రసీదు అడిగితే ఇవ్వలేదు. స్నానాల గదిలో వేడినీళ్లు ఒక్కరికే సరిపోయాయి. ఈ ఊరు ఎంచుకున్నది నేనే కనుక మా ఆవిడ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. మామగారు మాత్రం, "గోత్ తెగ రాజు అలారిక్‌కు రోమ్‌ను దోచుకోవడానికి మూడు రోజులు పట్టింది, ఈవిడకు మూడు నిమిషాలు చాలాయి" అన్నారు.

410లో జరిగిన ఆ దోపిడీ కాలంలోనే గోత్‌ల చేతికి బందీగా చిక్కిన గల్లా ప్లాసిడియా, మొదటి థియొడోసియస్ కూతురు. ఆమె సవతి అన్న, పశ్చిమ రోమన్ చక్రవర్తి హొనోరియస్, చుట్టూ ఉన్న చిత్తడి నేలలే కాపాడతాయని నమ్మి 402లో ఈ ఊరికి రాజధానిని మార్చుకున్నాడు. ఆమె గోత్‌ల రాజు అటాల్ఫ్‌ను పెళ్లాడి, అతడు హతుడైన తరువాత తిరిగి వచ్చి, 425లో ఆరేళ్ల కొడుకు మూడవ వాలెంటీనియన్ చక్రవర్తి అయినప్పుడు అతని తరఫున పాలన సాగించింది.

ఆమె పేరిట ఉన్న సమాధి మందిరం బయటికి ఇటుకల గోదాములా కనిపిస్తుంది. లోపల అలబాస్టర్ అనే పలుచని రాతిపలకల కిటికీల నుంచి వచ్చే తేనెరంగు వెలుగులో ముదురు నీలపు కప్పు నిండా బంగారు నక్షత్రాలు, గుమ్మం పైన గొర్రెలను నిమిరే యువ క్రీస్తు. మేము వెళ్లినప్పుడు ఉమ్మడి టికెట్టు తలకు 12.50 యూరోలు, లోపల ఉండనిచ్చేది అయిదు నిమిషాలే. కళ్లు ఆ మసకకు అలవాటు పడటానికే ఒక నిమిషం పోతుంది కాబట్టి ఫొటోల జోలికి పోకండి. ఆమె 450లో రోమ్‌లో మరణించింది, ఇక్కడ ఆమె దేహం లేదనే చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. పక్కనున్న సాన్ విటాలే చర్చికే జనం ఎగబడతారు గానీ అది తరువాతి శతాబ్దపు కట్టడం.

మధ్యాహ్నం 5.50 యూరోల పియదీనా అనే పలుచని రొట్టె, మెత్తటి జున్నుతో వేడివేడిగా తిన్నాక మా ఆవిడ మాట కలిపింది. మామగారు మళ్లీ ఆ మందిరం వైపే నడిచారు. వరుసలో ఎవరూ లేకపోవడంతో కాపలా యువకుడు పైసా అడగకుండా ఆయనను మరోసారి లోపలికి పంపాడు.