లేబర్ కాంట్రాక్టా, మెటీరియల్‌తో సహానా? ఇల్లు కట్టించేవాళ్లకు ఏది మేలు?

మా కుటుంబంలో నాలుగేళ్ల తేడాతో రెండు ఇళ్లు లేచాయి. ఖమ్మంలో మా ఇంటికి మేస్త్రీతో లేబర్ కాంట్రాక్టు మాట్లాడుకుని, సిమెంటు నుంచి మేకుల దాకా మేమే కొనిపెట్టాం. హనుమకొండలో మా అక్కావాళ్లు మెటీరియల్‌తో సహా ఒక బిల్డర్‌కి అప్పజెప్పారు. రెండూ దగ్గరుండి చూశాను. అందుకే ఎవరైనా ‘ఏది మేలు?’ అంటే, ముందు నేను అడిగేది ఒక్కటే: సైటు దగ్గర రోజూ ఎవరుంటారు?

మా ఇంటికి నాన్న ఉన్నారు. అప్పటికే రిటైరయ్యారు. పొద్దున ఆరున్నరకల్లా సైటుకి వెళ్లి, సిమెంటు బస్తాలు లెక్కపెట్టి, ఇసుక ట్రాక్టరు వస్తే తొట్టి కొలిచి, సాయంత్రం నోటుబుక్కులో రాసుకునేవారు. డబ్బు మిగిలిన మాట నిజం. బిల్డర్ లాభం ఉండదు. పైగా ఒంటి ఇంటికి కేవలం కూలి కాంట్రాక్టు అయితే జీఎస్టీ లేదు, మెటీరియల్‌తో సహా ఇస్తే బిల్లు మొత్తం మీద 18 శాతం పడుతుంది. అలాగని 18 శాతం మొత్తం మిగిలిపోతుందని లెక్కేసుకోవద్దు. మనం షాపులో కొన్న సామానుకీ పన్ను కడుతూనే ఉంటాం. తేడా వచ్చేది కూలి మీద, బిల్డర్ లాభం మీద.

ఇబ్బందులు వేరే వైపు నుంచి వచ్చాయి. పునాది లేచాక మేస్త్రీ అడ్వాన్సు తీసుకుని ఇంకొకరి శ్లాబు పనికి వెళ్లాడు. పద్దెనిమిది రోజులు మనిషి కనపడలేదు. తెచ్చిపెట్టిన సిమెంటు కొన్ని బస్తాల్లో గడ్డకట్టింది. సామాను మనది కాబట్టి అది వృథా అయితే బాధ కూడా మనదే. బాత్రూమ్ నుంచి పక్క గదికి చెమ్మ వచ్చినప్పుడు ప్లంబరు టైల్స్ అతని మీద, టైల్స్ అతను ప్లంబరు మీద చెప్పారు. ఇద్దరినీ ఒకచోట నిలబెట్టడానికే నెల పట్టింది.

అసలు భయం అది కాదు. లేబర్ కాంట్రాక్టులో ఇంజనీరు ఉండడు, మేస్త్రీకి అలవాటైన పద్ధతే కొలత అవుతుంది. మేం మాత్రం విజిట్‌కి ఇంత అని ఒక ఇంజనీరును పెట్టుకున్నాం. పిల్లర్లకు కాంక్రీటు పోసే బాక్సులు బిగించే ముందు రోజు ఆయన వచ్చి, కింద కూర్చుని, కమ్మీల చుట్టూ కట్టిన రింగుల చివర్లు వేలితో తడిమి చూశారు. అన్నీ 90 డిగ్రీలకే మడిచి ఉన్నాయి. ‘ఇవి 135 డిగ్రీలు లోపలికి తిరగాలి. భూమి కదిలి పైన పెచ్చు ఊడితే ఈ కొక్కేలు విచ్చుకుంటాయి, పిల్లరు పొట్ట పగులుతుంది’ అని, తానే దగ్గరుండి ఒక్కొక్కటీ మడిపించారు. కమ్మీ కట్టే కుర్రాడికి విసుగొచ్చింది, పూట పని పోయింది. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర భూకంపం వచ్చి మా వీధిలో గిన్నెలు కదిలినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ రింగులే.

ఇక అక్క ఇల్లు. ఇద్దరూ ఉద్యోగస్తులు, సెలవు పెట్టే వీల్లేదు. పని ఆగలేదు, కూలీల కోసం ఫోన్లు చేసే టెన్షన్ లేదు. మొదటి వానాకాలం పిట్టగోడ పక్కన నీళ్లు దిగితే బిల్డరే మనుషుల్ని పంపి సరిచేయించాడు. ఎవరిని అడగాలో తెలియడం పెద్ద నిశ్చింత, దాన్ని తక్కువ చేసి చెప్పను.

కానీ అగ్రిమెంటు రెండే పేజీలు. ‘బ్రాండెడ్ స్టీలు, మంచి సిమెంటు, స్టాండర్డ్ ఫిట్టింగులు’ అని రాసుకున్నారు. ఏ కంపెనీ, ఏ గ్రేడు, టైల్స్ అడుగు ఎంత రేటు వరకు అన్నది లేదు. అన్నిటికన్నా పెద్ద గొడవ కొలత దగ్గర వచ్చింది. చదరపు అడుగుకి ఇంత అన్నారు గానీ, ఏయే భాగాలు ఆ లెక్కలోకి వస్తాయో రాసుకోలేదు. సజ్జలు, పోర్టికో, మెట్ల గది అన్నీ పూర్తి రేటుకే లెక్కేశాడు. అడుగు రెండు వేలనుకుంటే, ఇలా కలిసే 180 అడుగులకే 3 లక్షల 60 వేలు. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు మాత్రం ‘అవి వేరే అండీ’. పైగా ప్లాస్టరింగ్ మొదలయ్యేసరికే డబ్బు ముప్పావు వంతు చేరిపోయింది. ఆ తర్వాత పని నెమ్మదించింది.

కాబట్టి నా మాట ఇది. ఇంట్లో ఒక మనిషి రోజూ నిలబడగలిగితే లేబర్ కాంట్రాక్టే ఇవ్వండి, కానీ ఇంజనీరు ఫీజు దగ్గర పొదుపు చేయొద్దు. ఊళ్లో లేనివాళ్లు, అమెరికా నుంచో బెంగళూరు నుంచో కట్టించేవాళ్లు మెటీరియల్‌తో సహా ఇవ్వడమే నయం. అయితే చెక్ చేసే ఇంజనీరు బిల్డర్ మనిషి కాకూడదు, మీరు డబ్బిచ్చి పెట్టుకున్న మనిషే కావాలి. సిమెంటు, స్టీలు మనం కొనిచ్చి మిగతాది అతనికి వదిలేసే మధ్య దారి ఒకటుంది గానీ, దాంట్లో నాసిరకం వస్తే నెపం ఎవరిదో తేలదు. నాకు నచ్చలేదు.

ఎవరికిచ్చినా, ఇచ్చే ముందు అతని పని నడుస్తున్న సైటుకి చెప్పకుండా ఒక మధ్యాహ్నం వెళ్లండి. కొత్త శ్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలబెట్టారో లేదో చూడండి. మన ఎండలకు కనీసం పది రోజులు ఆ తడి ఉండాలి. 12 ఎంఎం కమ్మీ పన్నెండు మీటర్లది ఒకటి తూకం వేయించండి, పది కిలోల ఆరువందల గ్రాముల అటూ ఇటూ తూగాలి. మూడు నాలుగేళ్ల క్రితం అతను కట్టిన ఇంటికి వానాకాలంలో వెళ్లి, ఇంటావిడను వంటింటి గోడల గురించి అడగండి. బిల్డర్ చూపించే ఫొటోల్లో చెమ్మ కనపడదు.

దసరా తర్వాత అక్కావాళ్లు పై అంతస్తు మొదలుపెడుతున్నారు. పాత బిల్డర్‌కే ఇస్తున్నారు. అగ్రిమెంటు ఈసారి ఏడు పేజీలు, సజ్జలకు సగం రేటు. శ్లాబుకు ముందు మా ఖమ్మం ఇంజనీరు వచ్చి కమ్మీ చూసి సరే అంటేనే ఆ విడత డబ్బు. చివరి ఐదు శాతం ఒక వానాకాలం గడిచాక.