కరెంటు అయిదు వారాలా, మూడు వారాలా: రొమ్ము క్యాన్సర్‌కి ఏది మేలు?

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక కరెంటు, అంటే రేడియేషన్ వైద్యం, పెట్టించుకోవాలని డాక్టరు చెప్పగానే, జిల్లాల నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి వచ్చే కుటుంబాలు ముందు అడిగేది ఎన్ని రోజులని. గది అద్దె, పని మానుకోవడం, ఇంటి దగ్గర పిల్లలు, అన్నీ ఆ జవాబు మీదే ఉంటాయి. పాత పద్ధతిలో వారానికి అయిదు రోజుల చొప్పున 25 సిట్టింగులు, మొత్తం 50 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత). ఇప్పుడు చాలామందికి 15 సిట్టింగులే, 40 గ్రే.

రోజు డోసు 2 నుంచి 2.67 గ్రేకి పెరుగుతుంది కదా, ఒళ్లు ఎక్కువ కాలదా అన్నది అందరి భయం. బ్రిటన్‌లో 2215 మంది స్త్రీలతో చేసిన స్టార్ట్-బి అధ్యయనం ఆ భయం తీర్చింది. పదేళ్ల తర్వాత రొమ్ము కుంచించుకుపోవడం, వాపు, చర్మం మీద సన్నటి ఎర్ర నరాలు తేలడం మూడు వారాల వాళ్లలోనే తక్కువ. జబ్బు తిరగబెట్టింది వాళ్లలో 4.3 శాతం మందికి, అయిదు వారాల వాళ్లలో 5.5 శాతం మందికి. రోజు డోసు పెరిగినా మొత్తం డోసు తగ్గింది మరి. జబ్బు తిరగబెట్టడం మాత్రం పెరగలేదు కాబట్టి, మూడు వారాలంటే సగం వైద్యమని ఎవరన్నా నమ్మొద్దు.

నీరసం, చర్మం ఎర్రబడి నల్లబడటం రెండింట్లోనూ ఉంటాయి. తల జుట్టు రాలదు. పిల్లల్ని దగ్గరికి తీసుకోవచ్చు, ఒంట్లో రేడియేషన్ ఏమీ మిగలదు.

మూడు వారాల పద్ధతిలో ఒక్క చిక్కు ఉంది. చర్మం బాగా మండేది చాలామందికి ఆఖరి సిట్టింగు దాటిన వారం పది రోజుల్లో. అప్పటికి ఊళ్లో ఉంటారు, చూపించుకుందామంటే డాక్టరు దగ్గర ఉండరు. చంకలో, రొమ్ము కింది మడతలో చర్మం ఊడి తడి కారితే పక్కింటివాళ్లు పసుపు రాయమంటారు, రాయకండి. ఊరెళ్లేముందే ఏ క్రీము రాయాలో, ఎవరికి ఫోన్ చేయాలో నర్సునడిగి రాయించుకోండి. ఎండాకాలమైతే వదులు నూలు జాకెట్టు తప్పనిసరి.

రొమ్ముని మళ్లీ అమర్చే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు డాక్టరు అయిదు వారాలే చెప్పొచ్చు, కారణం అడగండి. 26 గ్రేతో అయిదే సిట్టింగుల పద్ధతి ఫలితాలు కూడా 2020లో వచ్చాయి, అది మీకు కుదురుతుందో లేదో అడగడంలో తప్పులేదు. మిగతావాళ్లలో ఎక్కువమందికి నా ఓటు మూడు వారాలకే.

ఏ పద్ధతైనా, కొన్ని నెలల తర్వాత పొడిదగ్గు, ఆయాసం వస్తే ఊరి డాక్టరుకి కరెంటు పెట్టించుకున్న సంగతి ముందే చెప్పండి. అది ఊపిరితిత్తుల వాపు కావచ్చు, చాలామందికి మందులతో తగ్గుతుంది.